విద్యుత్కారు ఎంత దూరము పోవును?

2020లో టాటావారు నెక్సాన్ ఈవీ అను విద్యుత్కారును విక్రయమునకు తెచ్చిరి. దాని బ్యాటరీలో 30.2 యూనిట్ల విద్యుత్తు పట్టును. ఒకసారి నింపినచో 312 కిలోమీటర్లు పోవునని పరీక్షాపత్రము తెలిపెను. అనగా యూనిటుకు పది కిలోమీటర్లకు పైన. కాని నిత్యపు వాడుకలో సామాన్యముగా దక్కినది 200 మొదలు 220 వరకు మాత్రమే. హైదరాబాదునుండి మహబూబ్‌నగరునకు పోయి వచ్చుటకు దాదాపు 200 కిలోమీటర్లగును. పత్రమునే నమ్మి బయలుదేరినవారు తిరుగుప్రయాణమున షాద్‌నగరు దాటగానే మీటరు వంక బెదరుచూపులు చూడవలసినదే!

ఈ భేదమెందుకు? పరీక్ష ప్రయోగశాలలో, రోలర్లపై, తక్కువ వేగములతో జరుగును. రహదారిపై గాలి అడ్డుపడును. వేగము రెట్టింపైనచో ఆ అడ్డగింత నాలుగు రెట్లగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు 100 అందుకొన్నచో, గాలిని చీల్చుటకే ప్రతి కిలోమీటరునకు రెండున్నర రెట్లకు మించిన శక్తి వ్యయమగును. జడ్చర్ల మీదుగా పోవు 44వ జాతీయ రహదారి విశాలమైనది; అచ్చట వేగమును అదుపుచేయుట కష్టమే.

నల్లగొండకంటె హైదరాబాదు నూరు మీటర్లకు పైగా ఎత్తున నున్నది. ఈ ఎత్తు గొప్ప భారమని తోచును. కాని ఒకటిన్నర టన్నుల కారును నూరు మీటర్లు ఎత్తుటకు అర యూనిటైనను పట్టదు. పల్లమున వేగము తగ్గించినపుడు మోటారే జనరేటరై కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి చేర్చును.

ఏసీ సంగతి వేరు. అది గంటల లెక్కన తినును, కిలోమీటర్ల లెక్కన కాదు. మే నెల ఎండలో ఎల్బీనగరు రద్దీయందు చిక్కిన కారు, అడుగైనను కదలకయే బ్యాటరీని ఖర్చుచేయుచుండును.