దిమ్మె దిగిన విగ్రహాలు

1949 ఏప్రిల్. బుడాపెస్ట్‌లోని సెంట్ ఇష్త్వాన్ పార్కులో విగ్రహావిష్కరణకు అంతా సిద్ధమైంది. పాముతో పెనుగులాడుతున్న మనిషి కంచు విగ్రహం అది. వేలాదిమంది యూదుల ప్రాణాలు కాపాడిన స్వీడన్ దౌత్యవేత్త రౌల్ వాలెన్‌బర్గ్ స్మారకంగా పాల్ పాట్సాయ్ చెక్కాడు. ఆవిష్కరణకు ముందే, రాత్రికి రాత్రే దాన్ని కూలదోసి పట్టుకుపోయారు. వాలెన్‌బర్గ్‌ను 1945 జనవరిలో నిర్బంధించింది సోవియట్ సైన్యమే. సోవియట్ అండతో నడిచే అప్పటి పాలకులకు ఆ పేరే గిట్టదు.

1987లో అదే నగరంలో వాలెన్‌బర్గ్ మళ్ళీ నిలబడ్డాడు. రెండు పెద్ద గ్రానైట్ బండల నడుమ, పొడవాటి కోటుతో. ఈసారి చేసింది పాట్సాయ్ శిష్యుడు ఇమ్రె వర్గ.

వర్గ 1923లో బాలాటన్ సరస్సు ఒడ్డున షియోఫోక్‌లో పుట్టాడు. యుద్ధకాలంలో వైమానిక దళ అధికారి. శిల్పవిద్యకు వచ్చేసరికి ముప్ఫైకి దగ్గరపడ్డాడు. రాయి కన్నా లోహమే ఆయనకు వశమైంది. ఉక్కు రేకులు కోసి, వంచి, వెల్డింగ్‌తో అతికి మనుషుల్ని నిలబెట్టేవాడు. ఎత్తైన దిమ్మె మీంచి జనాన్ని చూసే విగ్రహాలకు అలవాటుపడిన దేశంలో, ఆయన బొమ్మలు చాలావరకు నేల మీదికి దిగొచ్చాయి. బుడాపెస్ట్‌లోని ఓబుడా ప్రాంతంలో ఒక వీధిలో గొడుగులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ పక్కన మనమూ నిలబడవచ్చు.

ఆయన పనుల్లో అన్నిటికన్నా గుండెను పట్టేది అదే నగరంలో దొహాన్య్ వీధి సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) వెనుక ఆవరణలో ఉంది. నాజీల చేతుల్లో చనిపోయిన హంగేరీ యూదుల కోసం చేసిన లోహపు చెట్టు. కొమ్మలన్నీ కిందికి వాలి ఉంటాయి. దగ్గరికెళ్ళి చూస్తే, సన్నటి ఆకుల మీద అక్షరాలు కనిపిస్తాయి. అవన్నీ చనిపోయినవారి పేర్లు. లక్షల మరణాలనే అంకె ముందు మనసు మొద్దుబారుతుంది. ఒక్క ఆకు మీద ఒక్క పేరు చదివితే అలా ఉండలేం. వర్గ గొప్పతనం అక్కడుంది.

ఆయన విగ్రహాలకూ రాజకీయాల దెబ్బ తప్పలేదు. 1986లో చేసిన కమ్యూనిస్టు నేత బేలా కున్ స్మారకం, ప్రభుత్వం మారాక కమ్యూనిస్టు కాలపు విగ్రహాలను చేర్చిన ఊరి చివరి మెమెంటో పార్కుకు చేరింది. పార్లమెంటు పక్కన 1975లో పెట్టిన మిహాయ్ కారొయి విగ్రహం కథ ఇంకా చిత్రం. హంగేరీ గణతంత్రానికి తొలి అధ్యక్షుడాయన. వర్గ ఆయన్ను చేతికర్ర మీద ఆనుకున్న ముసలివాడిగా చూపించాడు. 2012లో దాన్ని అక్కణ్ణుంచి తొలగించి షియోఫోక్‌కు తరలించారు. శిల్పి అప్పటికి బతికే ఉన్నాడు. కళ బాగోగులతో పనిలేకుండా, బొమ్మలోని మనిషి ఎవరన్నదే చూసి విగ్రహాన్ని కదిలించడం అన్యాయం.

వర్గ 2019లో, 95 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఓబుడాలోని లక్తన్య వీధిలో 1983లో తెరిచిన మ్యూజియంలో ఆయన శిల్పాలున్నాయి. బుడాపెస్ట్ వెళ్ళేవారు డాన్యూబ్ వంతెనలు చూసి వచ్చేయకుండా, ఒక పూట ఆ మ్యూజియానికీ, సినగాగ్ వెనుకనున్న ఆ చెట్టుకూ కేటాయించండి.