కప్పు లేని జెట్ విమానంలో...

పూండి: తుపాను గాలి అంటే ఏమిటో ఉద్దానం వాసులకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపాన తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచిన ఆ గాలికి తరాల నాటి కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. జీడి తోటలు వేళ్ళతో సహా పెకలిపోయాయి. ఇళ్ళ రేకులు ఎటు పోయాయో తెలియలేదు. అంతకు మూడు రెట్లు మించిన వేగంతో పోయే విమానంలో, నెత్తిన ఏ కప్పూ లేని గదిలో ఒక మనిషిని కూర్చోబెడితే ఎలా ఉంటుంది?

అలా కూర్చోబెట్టి చూశారు. అదీ ఒకసారి కాదు. యుద్ధ విమానం నడిపే పైలట్ ఆపదలో ప్రాణాలతో బయటపడాలంటే ఈ పరీక్ష తప్పలేదు.

జెట్ యుద్ధ విమానంలో పైలట్ తల మీద గాజులా కనిపించే బుడగ వంటి కప్పు ఉంటుంది. దాన్ని కానోపీ అంటారు. నిజానికి అది గాజు కాదు, గట్టి ప్లాస్టిక్ జాతి పదార్థం. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గాలి పలుచన, చలి విపరీతం. అక్కడ పైలట్ ప్రాణం నిలిచేది ఈ కప్పు చాటునే. కాని విమానానికి నిప్పంటుకున్నప్పుడు, ఇంజను ఆగిపోయినప్పుడు అదే కప్పు అతని దారికి అడ్డం. అర సెకను లోపు అది తొలగాలి, లేదా పగలాలి. లేకుంటే సీటుతో సహా పైకి ఎగిరే పైలట్ తల దానికే కొట్టుకుంటుంది.

గాలి సంగతి మరొకటి ఉంది. వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. తిత్లీ నాటి గాలి చదరపు మీటరుకు సుమారు వంద కిలోల బరువుతో నెట్టింది. గంటకు 800 కిలోమీటర్ల వేగంలో అదే చదరపు మీటరు మీద దాదాపు మూడు టన్నులు పడుతుంది. కప్పు పోయినంత మాత్రాన ఈ బరువంతా పైలట్ మీద పడదు. ముందున్న అద్దం చాలావరకు కాస్తుంది. అయినా దాని మీదుగా దూకే గాలి వెనుక సుడి తిరుగుతుంది, హోరు చెవులను గింగిర్లెత్తిస్తుంది, వదులుగా ఉన్న ప్రతి వస్తువునూ పైకి లాగుతుంది. సీటు ఎగిరి అద్దం అంచు దాటిందంటే మాత్రం పూర్తి తాకిడి మనిషి మీదనే.

మొదట దూకింది ఫిట్టరు

ఇంగ్లండులోని మార్టిన్ బేకర్ కంపెనీ ఈ సీట్ల తయారీకి పేరు మోసింది. భాగస్వామి వాలెంటైన్ బేకర్ 1942 సెప్టెంబరు 12న తమ విమానాన్నే పరీక్షిస్తూ మరణించాడు. ఆ దెబ్బ జేమ్స్ మార్టిన్‌ను జీవితాంతం వదలలేదు. పైలట్‌ను బయటకు విసిరే సీటు మీదికి ఆయన దృష్టి మళ్ళింది. మొదట బస్తాలతో, తరువాత మనిషితో నేల మీద పరీక్షలు జరిపారు. ఆ మనిషి బెర్నార్డ్ లించ్, కంపెనీలో ఫిట్టరు. 1946 జులై 24న మీటియర్ జెట్ విమానంలో, పైలట్ వెనుక అమర్చిన గదిలో లించ్ కూర్చున్నాడు. ఎనిమిది వేల అడుగుల ఎత్తున, గంటకు 320 మైళ్ళ వేగంలో, అంటే 515 కిలోమీటర్ల వేగంలో సీటు పేల్చుకుని బయటకు ఎగిరాడు. క్షేమంగా దిగాడు. పైలట్ల కోసం తన వెన్నెముకను పణంగా పెట్టినవాడు పైలట్ కాకపోవడం విశేషం.

ఆ తరువాత దశాబ్దాల పాటు ఆ కంపెనీ మీటియర్లు వెనుక సీటు మీద కప్పు లేకుండానే ఎగిరాయి. మనిషికి బదులు బొమ్మలు కూర్చున్నాయి. ముందు సీటు పైలట్‌కు మాత్రం ఆ హోరు తప్పలేదు. ఈ సీట్ల వల్ల ప్రపంచంలో ఇంతవరకు ఏడున్నర వేలకు పైగా ప్రాణాలు దక్కాయి.

సీటు సరిగా ఉండటం ఎంత ముఖ్యమో 1987 అక్టోబరు 22న తెలిసింది. ఇంగ్లండులో కొత్త హారియర్ విమానాన్ని పరీక్షిస్తున్న టేలర్ స్కాట్ సీటులోని పారాచూట్ రాకెట్ దానంతట అదే పేలింది. కప్పును చీల్చుకుంటూ అతన్ని బయటకు ఈడ్చుకుపోయింది. స్కాట్ చనిపోయాడు. విమానం మాత్రం కూలలేదు. పైలట్ లేకుండా, తెరుచుకున్న నోటితో అట్లాంటిక్ సముద్రం మీద పోతూనే ఉంది. దారిలో అమెరికా రవాణా విమానం సిబ్బంది దగ్గరగా వచ్చి చూసి నిర్ఘాంతపోయారు. చివరకు అది సముద్రంలో పడింది.

బరంపురం నుంచి తేజస్ వరకు

ఇదంతా ఎక్కడో సీమ దేశపు కథ అనుకోనక్కరలేదు. పూండి నుంచి రైలెక్కితే బరంపురం వంద కిలోమీటర్ల లోపే. ఆ ఊళ్ళో 1943లో పుట్టిన తెలుగువాడు కోట హరినారాయణ. మన దేశం సొంతంగా తయారు చేసిన తేలికపాటి యుద్ధ విమానం తేజస్‌కు సారథ్యం వహించిన ఇంజనీరు ఆయనే. తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. 2001 జనవరి 4న బెంగుళూరులో రాజీవ్ కోఠియాల్ తేజస్‌ను మొదటిసారి గాలిలోకి లేపి 18 నిమిషాలు నడిపి దించాడు. తరువాత 23 ఏళ్ళ పాటు ఆ విమానం ఒక్కటీ కూలలేదు. 2024 మార్చి 12న జైసల్మేరు వద్ద ఒకటి కూలింది. పైలట్ సీటుతో ఎగిరి ప్రాణాలు దక్కించుకున్నాడు. 2025 నవంబరు 21న దుబాయి ప్రదర్శనలో వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్‌కు ఆ అదృష్టం లేకపోయింది. విమానంతో పాటు ఆయనా మరణించారు.

తేజస్ కప్పులో సన్నని పేలుడు తాడు అమర్చి ఉంటుంది. పైలట్ పిడి లాగగానే అది కప్పును కోస్తుంది. ఆ కోత సరిగా పడుతుందా, సీటు వేళకు లేస్తుందా అని చూడటానికి మనవాళ్ళు ఎంచుకున్నది ఆకాశాన్ని కాదు, రైలు పట్టాలను. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన కేంద్రంలో సుమారు నాలుగు కిలోమీటర్ల పట్టాలు వేసి ఉన్నాయి. 2025 డిసెంబరు 2న తేజస్ ముక్కు భాగాన్ని బండి మీద బిగించి, వెనుక వరుసగా రాకెట్లు పేల్చి 800 కిలోమీటర్ల వేగానికి తెచ్చారు. పూండి స్టేషన్లో ఆగకుండా దూసుకుపోయే మెయిలు వేగం ఇందులో ఆరో వంతు ఉంటే గొప్ప. కప్పు కోసుకుంది. సీటు ఎగిరింది. లోపలి బొమ్మ మెడకు, నడుముకు తగిలిన ప్రతి అదురునూ యంత్రాలు నమోదు చేశాయి. ఇటువంటి పరీక్షకు ఇతర దేశాల గడప తొక్కే అవసరం మనకు లేకపోవడం చిన్న సంగతి కాదు.

విశాఖపట్నం వెళ్ళే మన ప్రాంతం వారు అక్కడ ప్రదర్శనకు ఉంచిన సీ హారియర్ విమానాన్ని చూడవచ్చు. మన నౌకాదళం 2016లో సేవ నుంచి తప్పించిన రకమది. దాని కప్పు మీద వంకర టింకరగా ఒక గీత పోతుంది. పిల్లలు పగులు అనుకుంటారు. పగులు కాదు. అది కప్పును పగలగొట్టే పేలుడు తాడు పోయే దారి.