బీమా లేనివారికి హార్మోన్ చికిత్స: ఖర్చు ఎంత, ఎక్కడ తగ్గించుకోవచ్చు

మా తెలుగు సంఘం ఆఫీసుకు వచ్చేవారు ఎక్కువగా రేషన్ కార్డు, పింఛను, కుల ధృవీకరణ పత్రం పనుల మీద వస్తారు. కొన్నేళ్లుగా ఇంకో ప్రశ్న కూడా వినిపిస్తోంది. అడిగేవారు సాధారణంగా తల్లులు, అక్కలు. మిగతావాళ్లు వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు: "మా బిడ్డ బెంగళూరులో హార్మోన్ మందులు వాడుతోందంట సార్. నెలకు ఎంతవుతుంది? ఏదైనా కార్డు మీద వస్తుందా?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అందరికీ పనికొచ్చేలా ఇక్కడ రాస్తున్నాము. మేము డాక్టర్లము కాము. ఏ మందు, ఎంత అనేది డాక్టరే చెప్పాలి. లెక్కలు, కాగితాలు మాత్రం మేము చెప్పగలం.

ముందుగా ఒక మాట. జీవితాంతం మందు వాడాల్సిన ఇల్లు ఎలా ఉంటుందో చాంపియన్ రీఫ్స్ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గనిలో రాతిధూళి పీల్చి సిలికోసిస్ తెచ్చుకున్న కార్మికుడికి కంపెనీ ఆసుపత్రి ఉండేది. 2001 ఫిబ్రవరి 28న బీజీఎంఎల్ గనులు మూతపడ్డాయి. దగ్గు ఆగలేదు కానీ మందు సొంత డబ్బుతో కొనుక్కోవాల్సి వచ్చింది. హార్మోన్ చికిత్సకు కూడా ఇదే సమస్య. ఒక నెల ఖర్చు ఎలాగో సర్దుకోవచ్చు, ఏళ్ల తరబడి నడిపించడమే కష్టం.

చికిత్స అంటే ఏమిటి

పుట్టినప్పుడు మగబిడ్డ అని రాయించినా తాను స్త్రీనని తెలుసుకున్నవారిని ట్రాన్స్ మహిళ అంటారు. ఆడబిడ్డ అని రాయించినా తాను పురుషుడినని తెలుసుకున్నవారిని ట్రాన్స్ పురుషుడు అంటారు. ఇది మానసిక జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో దీన్ని మానసిక వ్యాధుల అధ్యాయం నుంచి తీసేసింది.

ట్రాన్స్ మహిళలకు డాక్టర్లు సాధారణంగా రెండు రకాల మందులు రాస్తారు. ఒకటి ఈస్ట్రడయాల్. మాత్రల రూపంలో అయితే రోజుకు 2 నుంచి 6 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. అంటే 2 మిల్లీగ్రాముల మాత్రలు నెలకు 30 నుంచి 90 దాకా కావాలి. రెండోది పురుష హార్మోన్ ప్రభావాన్ని తగ్గించే మందు. మన దగ్గర ఎక్కువగా స్పైరొనోలాక్టోన్ వాడతారు. ట్రాన్స్ పురుషులకు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఒక రకం రెండు మూడు వారాలకొకసారి, ఇంకో రకం సుమారు 12 వారాలకొకసారి వేయించుకోవాలి. రెండో రకం సూది ధర చాలా ఎక్కువ, కానీ ఏడాదికి నాలుగైదు సార్లతో సరిపోతుంది. కాబట్టి ఒక సూది ధరను ఇంకో సూది ధరతో పోల్చకుండా, ఏడాది మొత్తానికి లెక్క వేసి పోల్చాలి.

ఏడాది ఖాతా ఇలా వేయాలి

గుమాస్తా పనిలో మేము నేర్చుకున్నది ఒకటే: పద్దులన్నీ రాయకుండా మొత్తం వేయకూడదు. ఈ చికిత్సలో నాలుగు పద్దులున్నాయి. మందులు, డాక్టరు ఫీజు, రక్త పరీక్షలు, పోయిన కూలి. కింది అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే. మీ స్ట్రిప్పు మీద ఉన్న ధర, మీ ల్యాబు రసీదులో ఉన్న మొత్తం వేసుకుని మళ్లీ కట్టుకోండి.

ఈస్ట్రడయాల్ మాత్ర 8 రూపాయలు, రోజుకు రెండు అనుకుందాం. ఏడాదికి 5,840 రూపాయలు. రెండో మందు రోజుకు 6 రూపాయలు అనుకుంటే 2,190. మందులన్నీ కలిపి 8,030 రూపాయలు.

మొదటి ఏడాది మూడు నెలలకొకసారి డాక్టరును కలవాలి, పరీక్షలు చేయించాలి. ఫీజు 700 చొప్పున నాలుగుసార్లకు 2,800. హార్మోన్ స్థాయిలు, కాలేయం, మూత్రపిండాలు, పొటాషియం పరీక్షలకు ఒక్కసారికి 2,500 అనుకుంటే నాలుగుసార్లకు 10,000. పరీక్షకు ఒక రోజు, డాక్టరుకు ఒక రోజు చొప్పున ఎనిమిది రోజుల కూలి పోతుంది. రోజుకు 600 చొప్పున 4,800.

మొత్తం 25,630 రూపాయలు. ఇందులో మందుల భాగం మూడో వంతు కూడా లేదు. "నెలకు ఎంత?" అని అడిగితే మందుల షాపువాళ్లు చెప్పేది ఆ మూడో వంతు గురించే. డబ్బు తక్కువైనప్పుడు మనవాళ్లు మానేసేది మిగతా రెండు వంతులను, అంటే డాక్టరును, పరీక్షలను. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

స్పైరొనోలాక్టోన్ వల్ల రక్తంలో పొటాషియం పెరగవచ్చు. అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది. టెస్టోస్టిరాన్ వల్ల రక్తం చిక్కబడవచ్చు. ఈ రెండూ పైకి కనిపించవు, పరీక్షలోనే తెలుస్తాయి. రెండో ఏడాది నుంచి అంతా సవ్యంగా ఉంటే ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. అప్పుడు ఖర్చు బాగా తగ్గుతుంది. మొదటి ఏడాదిని దాటించడమే ఇంటివాళ్ల పని.

చౌక దారి ఎందుకు వద్దంటున్నాము

డబ్బు లేనివారు ఎక్కువగా పట్టుకునే దారి గర్భనిరోధక మాత్రలు. చవక, అడగకుండానే ఇస్తారు. కానీ మాలా-డి లాంటి మాత్రల్లో ఉండేది ఈస్ట్రడయాల్ కాదు, ఇథినైల్ ఈస్ట్రడయాల్. శరీరంలో మార్పు కోసం రోజుకు నాలుగైదు మింగితే రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఈ చికిత్సలో దాన్ని వాడవద్దని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీడీ, సిగరెట్ అలవాటుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒక కాలు పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏ మందు వాడుతున్నారో డాక్టరు దగ్గర దాచకూడదు.

జిమ్ముల్లో చేతులు మారే టెస్టోస్టిరాన్ సూదులూ అంతే. అందులో ఏముందో ఎవరికీ తెలియదు.

ఇంకొకటి మన పెద్దవాళ్లకు కూడా తెలియని విషయం. హిజ్రా సమాజంలో నిర్వాణం అనే శస్త్రచికిత్స అయినవారి శరీరంలో సొంత హార్మోన్ దాదాపు ఉండదు. ఆ తర్వాత బయటి నుంచి హార్మోన్ అందకపోతే ఎముకలు బలహీనపడతాయి. ఆపరేషన్ అయిపోయింది కదా, ఇక మందు ఎందుకని ఆపేయకూడదు.

బీమా ఉన్నవారి సంగతి

ప్రైవేటు పాలసీ కట్టేవారు ఒకసారి ఆ పుస్తకం తిరగేయండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల జాబితాలో 7వ సంఖ్య కింద లింగ మార్పిడి చికిత్స ఉంది. ఆ మినహాయింపు ఉన్న పాలసీ చేతిలో ఉన్నా ఈ ఖర్చుకు పైసా రాదు.

చట్టం మాత్రం వేరే మాట చెప్పింది. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తించింది. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం చేసింది. అందులో 15వ సెక్షను శస్త్రచికిత్సకు, హార్మోన్ చికిత్సకు సౌకర్యం కల్పించాలని, ఆ ఖర్చుకు సమగ్ర బీమా పథకం ఉండాలని ప్రభుత్వాలకు చెప్పింది. ఆ దారిలోనే 2022 ఆగస్టు 24న ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ కోసం కేంద్రంలో ఒప్పందం కుదిరింది. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం ఉన్నవారికి ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యం అన్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆయుష్మాన్ ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగికి పనికొచ్చే పథకం. చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికొచ్చాక 15 రోజుల మందులు అందులో వస్తాయి. ప్రతి నెలా షాపులో కొనే స్ట్రిప్పు అందులో రాదు. అంటే ఆపరేషన్‌కు కార్డు ఉపయోగపడవచ్చు కానీ జీవితాంతం వాడే మాత్ర మన జేబు మీదే పడుతుంది. ఆ మాత్రను, పరీక్షను ప్రతి జిల్లా ఆసుపత్రి ఓపీలో ఉచితంగా ఇవ్వాలన్నదే మనం అడగాల్సింది.

హైదరాబాద్ నేర్పిన పాఠం

2021 జనవరిలో హైదరాబాద్ నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ తెరిచారు. ట్రాన్స్‌జెండర్ల కోసం, ఎక్కువగా ట్రాన్స్‌జెండర్ సిబ్బందితోనే నడిచింది. హార్మోన్ చికిత్సపై సలహా, పరీక్షలు, మందులు తక్కువ ఖర్చుకు దొరికేవి. అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్ఎయిడ్ నిధులతో అది నడిచేది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఆపేసింది, క్లినిక్ మూతపడింది. కొన్ని నెలల తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది.

కంపెనీ మూతపడి ఆసుపత్రి పోగొట్టుకున్న మనకు ఆ మధ్య నెలలు ఎలా గడిచి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. దాతల సాయం మంచిదే. కానీ జీవితకాలపు మందుకు సర్కారు ఆసుపత్రే స్థిరమైన ఆధారం. అదే హైదరాబాద్‌లో 2022లో ఉస్మానియా ఆసుపత్రి ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లను ఉద్యోగంలోకి తీసుకుంది. సర్కారు ఆసుపత్రి తలుపు తెరుచుకోగలదని చెప్పడానికి అదొక్కటి చాలు.

మన ఊళ్లో ఇప్పుడు చేయగలిగినవి

మొదట గుర్తింపు పత్రం. 2020 నవంబరులో కేంద్రం ప్రారంభించిన ట్రాన్స్‌జెండర్ల జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే జిల్లా కలెక్టరు, అంటే మన కోలారు డీసీ, పత్రం ఇస్తారు. టీజీ ప్లస్‌కు ఇదే ఆధారం.

రెండు, మైత్రి పింఛను. కర్ణాటక ప్రభుత్వం ట్రాన్స్‌జెండర్లకు ఇచ్చే ఈ పింఛనును 2024-25 బడ్జెట్లో 800 నుంచి 1,200 రూపాయలకు పెంచింది. ఏడాదికి 14,400. పైన వేసిన ఖాతాలో సగం కంటే ఎక్కువే. అర్హత వివరాలు నాడకచేరిలో అడగండి.

మూడు, ప్రయాణం. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకంలో మహిళలతో పాటు ట్రాన్స్‌జెండర్లకూ రాష్ట్రంలోని మామూలు ఆర్టీసీ బస్సుల్లో ఉచితం. ఇక్కడి నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు, రాను పోను ఛార్జీ మిగులుతుంది.

నాలుగు, పరీక్షలను విడదీయండి. హార్మోన్ స్థాయిలు మాత్రమే ప్రైవేటు ల్యాబులో చేయించి, కాలేయం, మూత్రపిండాలు, రక్తకణాల పరీక్షలు సర్కారు ఆసుపత్రిలో చేయించవచ్చు. పెద్ద ఖర్చు ఇక్కడే తగ్గుతుంది.

ఐదు, చీటీ మీద మందు అసలు పేరు రాయమని డాక్టరును అడగండి. ఆ పేరుతో జనౌషధి షాపులో అడగండి. అక్కడ మందులు బ్రాండు ధర కంటే సగానికి సగం, ఇంకా తక్కువకే దొరుకుతాయి. ఈఎస్ఐ కార్డు ఉన్నవారు డిస్పెన్సరీ నుంచి హార్మోన్ల డాక్టరుకు రిఫరల్ అడగాలి.

ఆరు, ప్రతి రసీదు, ప్రతి పరీక్ష కాగితం ఒక ఫైలులో పెట్టండి. డాక్టరు మారినా ఊరు మారినా మళ్లీ మొదటి నుంచి పరీక్షలు చేయించే ఖర్చు తప్పుతుంది.

పోర్టల్ దరఖాస్తు, మైత్రి ఫారం నింపడానికి సంఘం ఆఫీసుకు రావచ్చు. వచ్చినవారి పేరు రిజిస్టరులో రాయము, బయట చెప్పము. కన్నవాళ్లు రాకపోయినా బిడ్డ ఒక్కరే రావచ్చు.

చివరగా ఇంటి పెద్దలకు. ఈ ఖాతాలో మేము రాయని ఒక పద్దు ఉంది. ఇంట్లోంచి పంపేస్తే ఆ బిడ్డ అద్దె, తిండి, మందు అన్నీ ఒక్కరే మోయాలి. అప్పుడు ముందు ఆగిపోయేది పరీక్ష, తర్వాత డాక్టరు, చివరికి ఏది దొరికితే అది మింగడం. ఇంట్లో ఒక పళ్లెం, ఒక చాప ఉంటే ఆ డబ్బు మందుకు మిగులుతుంది. ఏ పథకమూ ఇవ్వలేని బీమా అది.