పక్షవాతం: గడ్డ కరిగించే మందు

మన ఇళ్లలో ఫాలిజ్ అని పిలిచే పక్షవాతం కాళ్లూ చేతుల జబ్బు కాదు, మెదడు జబ్బు. చాలామందిలో మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడడమే కారణం. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని అంచనా.

ఆ గడ్డను కరిగించే మందు ఆల్టెప్లేస్. లక్షణాలు మొదలైన 3 గంటల్లోపు ఇస్తే మేలని 1995లో అమెరికా అధ్యయనం తేల్చింది. 2008లో యూరప్ పరిశోధకులు గడువును నాలుగున్నర గంటలకు పెంచవచ్చని చూపారు. గడువు పెరిగిందని నిదానించకూడదు సుమా, ఎంత ముందిస్తే అంత ఫలితం.

దీనితో ఒక చిక్కుంది. మోతాదులో పదో వంతు ముందిచ్చి, మిగతాది గంటసేపు ఎక్కించాలి. చిన్న ఊళ్లో మొదలుపెట్టి పెద్దాసుపత్రికి పంపితే, దారి పొడవునా ఎవరో కనిపెట్టుకుని ఉండాలి. అందుకే టెనెక్టెప్లేస్ వైపు చూశారు. గుండెపోటుకు ముందునుంచీ వాడుతున్న మందే. రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి కొన్ని సెకన్లలో ఒకే సూదిమందుగా ఇచ్చేయవచ్చు. కెనడాలో 1,577 మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. మూడు నెలలకు దాదాపు మామూలు మనుషులైనవారు కొత్త మందుతో 36.9 శాతం, పాతదానితో 34.8 శాతం. తేడా స్వల్పమే. నా దృష్టిలో అసలు లాభం ఆ గంట ఆదా కావడమే. 2025లో అమెరికా ప్రభుత్వం కూడా పక్షవాతానికి దీన్ని అనుమతించింది.

ప్రమాదమూ ఉంది. 1995 అధ్యయనంలో మందు తీసుకున్న నూటికి ఆరుగురికి మెదడులో రక్తస్రావమైంది. పైగా కొందరికి పక్షవాతం నాళం చిట్లడం వల్లే వస్తుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వారికి ఈ మందిస్తే ప్రాణం మీదికొస్తుంది. సీటీ స్కాన్ తీయకుండా మందు ఇవ్వనిది అందుకే. ఇంట్లో ఆస్పిరిన్ మింగించకూడనిదీ అందుకే. ఇక పావురం రక్తం రాయించడానికి తిరిగితే ఆ నాలుగున్నర గంటలూ దారిలోనే అయిపోతాయి.

డాక్టరు మొదట అడిగేది, “చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?” అని. ఫజర్‌కు లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, లెక్క రాత్రి పడుకున్నప్పటి నుంచే. అలాంటివారిలో కొందరికి ఎమ్మారై చూసి మందు ఇవ్వవచ్చని 2018లో ఒక అధ్యయనం చూపింది. కానీ అన్ని ఊళ్లలో ఆ యంత్రం ఉండదు.

అంబులెన్సుకు విరాళమిచ్చే దాతలు ఒక మాట అడగాలి: రాత్రి రెండు గంటలకు సీటీ స్కాన్ తీసి, ఈ మందు ఇవ్వగల ఆసుపత్రి ఏదో ఆ డ్రైవరుకు తెలుసా?