చెవులే కళ్లుగా...

భార్య పియానో ముందు కూర్చుని ఒకే ఒక్క వరస వాయిస్తారు. పక్కనే భర్త వింటూ ఉంటారు. అది పట్టుబడ్డాక రెండో వరస... ఆ తర్వాత మూడోది, నాలుగోది. అన్నీ మనసుకెక్కాక ఆయన ఆర్గన్ ముందు కూర్చుని నాలుగింటినీ కలిపి వాయిస్తారు!

ఆయన పేరు హెల్ముట్ వాల్ఖా. కంటిచూపు లేదు. అయినా బాఖ్ ఆర్గన్ కోసం రాసిన సంగీతాన్ని దాదాపు మొత్తం అలా విని విని నేర్చుకున్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు రికార్డు చేశారు.

ఆర్గన్ అనగానే మనకు హార్మోనియం గుర్తొస్తుంది. చర్చిల్లో ఉండే పెద్ద ఆర్గన్ వేరు. పెన్సిలంత గొట్టాల నుంచి రెండంతస్తుల ఎత్తున్న గొట్టాల దాకా వందలు, వేలు ఉంటాయి. వాటిలోకి గాలి వెళ్తే నాదం పలుకుతుంది. చేతులకు రెండు మూడు వరసల మెట్లు, కాళ్లకు మరో వరస. అంటే కాళ్లు కూడా పాట పాడాలన్నమాట!

జడలా అల్లిక

విని నేర్చుకోవడం మనకు కొత్త కాదు. గురుముఖంగా నేర్చుకునే సంప్రదాయం మనది. చూపు సరిగా లేకపోయినా ఫిడేలుతో తెలుగునేలను ఓలలాడించిన ద్వారం వెంకటస్వామినాయుడూ మనవారే. కాకపోతే మన కీర్తనలో రాగం ఒకే ధారగా సాగుతుంది. బాఖ్ సంగీతం జడలాంటిది. మూడు నాలుగు పాయలు దేనికవే పూర్తి పాటలు. ఒకటి మొదలయ్యాక రెండోది అందుకుంటుంది, మొదటిది ఆగదు. అన్నీ ఒకదాన్నొకటి అల్లుకుంటూ పోతాయి. ఏ పాయ జారినా చిక్కే.

వాల్ఖా 1907 అక్టోబర్ 27న లైప్‌జిగ్‌లో పుట్టారు. మశూచి టీకా వికటించి చూపు దెబ్బతింది. ఇరవై ఏళ్లు నిండకముందే పూర్తిగా పోయింది. అయినా అక్కడి సంగీత కళాశాలలో చదివారు. బాఖ్ 27 ఏళ్లు పనిచేసిన సెయింట్ థామస్ చర్చిలోనే గుంథర్ రామిన్ దగ్గర సహాయకుడిగా చేరారు. మొదట్లో వరసలు వాయించి వినిపించింది తల్లి. పెళ్లయ్యాక భార్య ఉర్సులా ఆ పని అందుకున్నారు. రికార్డుల అట్టల మీద ఒక్క పేరే ఉంటుంది గానీ, ఈ ఇద్దరూ లేకపోతే ఆ రికార్డులే లేవు.

1929లో ఫ్రాంక్‌ఫర్ట్ చేరి చర్చి ఆర్గనిస్టు అయ్యారు. తర్వాత ప్రొఫెసరూ అయ్యారు. 1944లో బాంబుదాడుల్లో ఆ నగరంలో పెద్ద భాగం నేలమట్టమైంది. యుద్ధం ముగిశాక, 1946 నుంచి డ్రైకోనిగ్స్ చర్చిలో ఆర్గన్ ముందు కూర్చున్నారు. మరుసటి ఏడాదే మొదటి విడత రికార్డింగులు మొదలయ్యాయి. అప్పటికి ఆయనకు దాదాపు నలభై ఏళ్లు. 1952 దాకా అవి సాగాయి. స్టీరియో వచ్చాక 1956లో మళ్లీ మొదలుపెట్టి, నెదర్లాండ్స్‌లోని అల్క్‌మార్, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ చర్చిల్లోని పాత ఆర్గన్ల మీద 1971కి పూర్తిచేశారు.

మెతక మనిషేం కాదు. మరో జర్మన్ స్వరకర్త మాక్స్ రెగర్ సంగీతం ఆయనకు నచ్చలేదు. ఆ మాట 1952లో వ్యాసం రాసి మరీ చెప్పారు, దుమారం రేగింది. రెగర్ అభిమానులకు అది మొండితనంగానే కనిపించి ఉంటుంది. కానీ ప్రతి పాయనూ విడివిడిగా విని నేర్చుకున్న చెవికి, పాయలు తేలిగ్గా విడిపడని దట్టమైన సంగీతం రుచించకపోవడంలో వింతేముంది!

ఆగిన చోట...

చివరి రోజుల్లో బాఖ్‌కూ చూపు పోయింది. కళ్లకు రెండుసార్లు ఆపరేషన్ చేసినా ఫలించలేదు. 1750 జులై 28న కన్నుమూశారు. 'ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్' అనే ఆయన రచనలో చివరి అల్లిక అసంపూర్తిగా మిగిలింది. జర్మన్లు స్వరాలను అక్షరాలతో పిలుస్తారు. బాఖ్ తన పేరులోని నాలుగు అక్షరాలనే స్వరాలుగా మార్చి అందులో ప్రవేశపెట్టారు. ఆ తర్వాత కాసేపటికే రాత ఆగిపోయింది. ఎందరో దాన్ని పూర్తిచేయడానికి ప్రయత్నించారు.

వాల్ఖా కూడా ఒక ముగింపు కూర్చారు.  తలలో ఉన్న పాయలనే పొడిగించి ముడివేశారు.

1981లో కచేరీలు మానేశారు. 1991 ఆగస్టు 11న ఫ్రాంక్‌ఫర్ట్‌లో తుదిశ్వాస విడిచారు. ఆ రెండు విడతల రికార్డింగులూ సీడీలుగా వచ్చాయి. కొత్తగా వినేవారు స్టీరియోవి ముందు వినడం మంచిది. పాయలు విడివిడిగా తెలుస్తాయి.