అమరికల ఫైలులో కొలతలు

కంప్యూటరు ప్రోగ్రాము నడచుటకు ముందు దాని కెంత మెమరీ, ఎంత వేగము ఇయ్యవలెనో ఒక అమరికల ఫైలులో వ్రాసి యుంచుదురు. ఆ అంకె ప్రక్కన నుండు ఒకటి రెండక్షరములను గూర్చియే మేము నేడు చెప్పదలచితిమి.

ఎనిమిది బిట్లు ఒక బైటు. దాచు సమాచారమును బైట్లతోను, తీగపై ప్రవహించు దానిని సెకనుకు బిట్లతోను కొలుచుట వాడుక. కావున 100 మెగాబిట్ల కనెక్షను గలవారు సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి ఆశింపరాదు. ఇంగ్లీషు వ్రాతలో చిన్న 'బి' బిట్టునకు, పెద్ద 'బి' బైటునకు గుర్తు.

చిక్కు ఇంతటితో తీరలేదు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక యని మన పెద్దలు ధాన్యము కొలిచినట్లే, కంప్యూటరు మెమరీయు రెట్టింపులతో పెరుగును. ఒకటిని పదిమార్లు రెట్టించిన 1024 వచ్చును. అది వేయికి చేరువ యగుటచే దానినే 'కిలో' యనిరి. కిలో యొద్ద ఈ తేడా 2.4 శాతమే, టెరా యొద్ద దాదాపు 10 శాతము. 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1024 లెక్కకు కిబి, మెబి, గిబి అను పేర్లు నిర్ణయించెను గాని, పాత అలవాటు పోలేదు.

రెడిస్ అమరికలలో 'కె' యన్న 1000 బైట్లు, 'కెబి' యన్న 1024. లినక్స్‌లో వేగమును అదుపు చేయు 'టిసి' యందు 'ఎంబిట్' మెగాబిట్లు. 'ఎంబిపిఎస్' మాత్రము మెగాబైట్లు! లోకమంతయు దానిని మెగాబిట్లనియే చదువును. ఈ నిర్ణయము మాకెంతమాత్రమును నచ్చదు. పది మెగాబిట్లకు కట్టడి చేయబోయినవాడు ఎనుబదికి తలుపు తెరచుచున్నాడు.

కుబర్నెటీస్‌లో పెద్ద 'ఎం' మెగా. చిన్న 'ఎం' మిల్లీ, అనగా వేయవ వంతు. ప్రాసెసరులో పాలు కోరునపుడు '400 చిన్న ఎం' సరియైనదే. మెమరీకి అట్లే వ్రాసినచో అది 0.4 బైటు! ఒక్క ఇంగ్లీషు అక్షరము పట్టుటకైనను చాలదు. ఎన్‌జినెక్స్ అమరికలలోనో, చిన్న 'ఎం' మెగాయే. అచటి అలవాటుతో ఇచట వ్రాసినవారి పాట్లు చెప్పనలవి కాదు.

ప్రోగ్రాములు వ్రాయువారికి మా మనవి: అమరిక పేరులోనే కొలమానమును చేర్చుడు. తెలియని అక్షరము కనబడిన ఊహింపక నిరాకరింపజేయుడు. ప్రోగ్రాము ఆరంభమగునపుడు తాను గ్రహించిన విలువను బైట్లలో లాగ్‌లో వ్రాయునట్లు చేయుడు.