కంపు ఒకప్పుడు కమ్మనిదే

ఇంగ్లీషులో ‘స్మెల్’ అనే మాట తెలియని పిల్లవాడు ఇవాళ మన బడుల్లో లేడు. మూడో తరగతివాణ్ణి అడిగినా వెంటనే ముక్కు చూపిస్తాడు. కాని ఆ మాటకు పర్యాయపదాలేవని నిఘంటువు తెరిచామా, ఒక గుంపు వచ్చి ఎదుట నిలబడుతుంది: ఒడర్, సెంట్, పెర్ఫ్యూమ్, ఫ్రేగ్రెన్స్, అరోమా, స్టింక్, స్టెంచ్, రీక్. అన్నీ వాసనలే గదా, ఏది చేతికొస్తే అది వాడేద్దామనుకుంటారు మన విద్యార్థులు. చిక్కంతా అక్కడే వుంది. నేను తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని, ఇంగ్లీషు నా సొత్తు కాదు. అయినా ఈ గుంపును చాలాకాలంగా గమనిస్తున్నాను. దీని కథ మన మాటల కథకు కవలపిల్లలా వుండడమే అందుకు కారణం.

ముందుగా అట్టడుగున పడివున్న మాటను చూడండి. ‘స్టింక్’ అంటే ఇవాళ ముక్కు మూసుకోవలసిన కంపు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో అలా కాదు. వాసన వెలువడడమని మాత్రమే ఆ క్రియకు అర్థం. మంచిదో చెడ్డదో చెప్పే బాధ్యత పక్క మాటది. కనుక ఆనాడు పువ్వు కూడా నిక్షేపంగా ‘స్టింక్’ అయ్యేది! దాని తోబుట్టువు ‘స్టెంచ్’ కూడా అప్పట్లో పెద్దమనిషే.

నవ్వకండి. మన ‘కంపు’ సంగతీ ఇంతే. పాత కావ్యాలలో పూలకూ కంపు వుంటుంది, కస్తూరికీ వుంటుంది. అక్కడ దాని అర్థం పరిమళం. ఇవాళ పెళ్ళిపందిట్లో ఎవరి జడలోని మల్లెలనైనా ‘కంపు’ అని చూడండి, ఏమవుతుందో! పక్కనున్న అరవంలోనూ ఇదే తంతు. పూర్వం పూలతావిని చెప్పిన ‘నాట్రం’ ఇప్పుడు మురుగుకాలవ పాలయింది. మూడు భాషలు, ఎవరి దారి వారిది, అయినా మూడు మాటలూ ఒకే గోతిలో పడ్డాయి.

ఎందుకిలా జరుగుతుంది? నా ఊహ ఇది. మంచి వాసన వచ్చినప్పుడు మనం వాసన పేరెత్తం. ‘ఆహా, మల్లెలు!’ అంటాం, ‘కాఫీ కలుపుతున్నారా?’ అంటాం. ఉత్త వాసనను గురించి నోరు విప్పేది ఫిర్యాదు చేయవలసి వచ్చినప్పుడే. ఫిర్యాదులు మోసి మోసి ఆ మాటే చెడిపోతుంది. ‘ఈ పాలు వాసన వస్తున్నాయి’ అని ఇల్లాలు అన్నదంటే ఆ పాలు పారబోయవలసిందే. ఏ వాసన అని ఎవరూ అడగరు. ఇంగ్లీషులోనూ అంతే. పక్కన విశేషణం లేకుండా ‘వాడు స్మెల్ అవుతున్నాడు’ అంటే తిట్టే. అంటే ‘వాసన’, ‘స్మెల్’ రెండూ ‘కంపు’ నడిచిన దారినే నడుస్తున్నాయన్నమాట. అందుకే గదా మనం ముందు ‘సు’ తగిలించి సువాసన చేసుకున్నాం. ఎదురుదారిన నడిచిన మాట ఒక్కటి కనిపిస్తుంది. సంస్కృతంలో ‘గంధం’ అంటే ఏ వాసనైనా సరే. తెలుగులో అది సానమీద అరగదీసిన చందనమై పేరంటాలలో మెడకెక్కింది. ఇక ‘వలపు’ ఉంది చూశారూ, ప్రాచీనులకు పరిమళమూ అదే, ప్రేమా అదే. సినిమా పాటలవాళ్ళు రెండో అర్థమే ఉంచుకున్నారు.

కింద పడిన మాటల చోటు ఖాళీగా వుండదు గదా. ఇంగ్లీషువారికి 1066లో నార్మన్ల దండయాత్ర జరిగాక ఫ్రెంచి మాటలూ, వాటి వెనక లాటిన్ మాటలూ దొరలైపోయాయి. ఇంటిమాట కింది మెట్టు మీద, పైనుంచి వచ్చినది పై మెట్టు మీద కూచున్నాయి. మనకు కంపు కిందా, సంస్కృతపు పరిమళం పైనా కూచున్నట్టే.

ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఉద్యోగం ఏర్పడింది. ‘ఒడర్’ వైద్యుడి మాట, మునిసిపాలిటీ మాట. రాగద్వేషాలు లేనట్టు నటిస్తుంది. వంటగ్యాసుకు తనంతట వాసన లేదు, కారితే తెలియాలని ఘాటైన రసాయనం కలుపుతారు. ఆ రసాయనాన్ని ‘ఒడరెంట్’ అంటారే గాని ఎవరూ పెర్ఫ్యూమ్ అనరు. ‘అరోమా’ గ్రీకువారి సుగంధద్రవ్యం. ఇప్పుడు కాఫీకీ పోపుకీ చెల్లుతుంది. ‘ఫ్రేగ్రెన్స్’ పూలకు, ఈమధ్య సబ్బులకు.

‘సెంట్’ మాత్రం మొదట వేటగాళ్ళ మాట. జంతువు నడిచిన దారిలో మిగిలి, వేటకుక్కలు పసిగట్టేది సెంట్. ఫ్రెంచిలో ‘గ్రహించు’ అనే అర్థంగల క్రియనుంచి వచ్చింది. మధ్యలో పలకని ‘సి’ అక్షరం పదిహేడో శతాబ్దంలో వచ్చి చేరింది, ఏ అవసరమూ లేకుండా. మనం ఆ మాటను సీసాలో పోసి ‘సెంటు కొట్టుకోవడం’ చేసుకున్నాం. (ఎకరంలో నూరోవంతును కొలిచే సెంటు వేరు, దాని ధర తలుచుకుంటే ఏ సెంటూ ఎక్కదు.) సబ్బుపెట్టెల మీద ఇంకో తమాషా చూడవచ్చు. ‘ఫ్రేగ్రెన్స్ లేనిది’ అంటే సుగంధం కలపలేదని. ‘సెంట్ లేనిది’ అంటే అలా కాదు, అసలు సరుకు వాసనను కప్పిపుచ్చడానికి మరో సుగంధం కలిపి వుండవచ్చు. ఒంటికి పడనివారికి ఈ తేడా పర్యాయపదాల సరదా కాదు, చర్మం మీది దద్దుర్లు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ‘పెర్ఫ్యూమ్’, ‘రీక్’. రెండూ పొగలోంచి పుట్టినవే. లాటిన్లో పొగద్వారా వచ్చేది పెర్ఫ్యూమ్, అంటే మన సాంబ్రాణి ధూపం లాంటిది. రీక్ అంటే ఇంగ్లీషువారి ఇంటిపొగ. పొగగొట్టాల ఎడింబరో పట్టణానికి అందుకే ‘ముసలి పొగగొట్టుది’ అనే అర్థంలో ‘ఆల్డ్ రీకీ’ అని ముద్దుపేరు. ఒక పొగ అద్దాల బీరువాలోకి ఎక్కింది, ఇంకొకటి దుర్గంధమై కూచుంది. దేవుడి ముందు పొగ వేరు, పేదవాడి పొయ్యి పొగ వేరు అయినట్టు!

అయితే ఇంగ్లీషువారికి ఇన్ని మాటలున్నా తొలకరి చినుకుకు మట్టి విడిచే వాసనకు పేరు లేకపోయింది. 1964లో బేర్, థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు గ్రీకులో రాయినీ దేవతల నెత్తురునీ కలిపి ‘పెట్రికార్’ అని నామకరణం చేశారు. ఉత్తరాన కనౌజ్ అత్తరువాళ్ళు అదే వాసనను ఆవంలో కాల్చిన మట్టినుంచి దించి, చందనతైలంలో పట్టి అమ్ముతూనే వున్నారు.

ఈ తేడాలన్నీ లేకపోతే ఏం మునిగింది అంటారేమో. నాలుగేళ్ళ కిందట మా కాలేజీలో ఒక కుర్రవాడుండేవాడు. సముద్రం ఒడ్డు పల్లె, జాలరి కుటుంబం. ఎప్పుడూ చివరిబెంచీ, కిటికీ పక్కన. ఇంటర్ చదివినచోట ఎవడో వీణ్ణి చూసి ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకున్నాడట, అప్పటినుంచీ అంతే. పై చదువుకు దరఖాస్తుతో పాటు తన ఇంటిని గురించి ఇంగ్లీషులో ఒక పేజీ పంపాలి. ముందు తెలుగులో రాసుకొని నాకు చూపించాడు. ‘నాన్న వేటనుంచి వచ్చినప్పుడు చేతులకు నీచువాసన వుంటుంది. ఆ వాసన లేనిరోజు మా ఇంట్లో పొయ్యి ఆలస్యంగా వెలుగుతుంది’ అని అందులో వుంది. చదివి కాసేపు ఊరుకున్నాను.

వారం తిరిగాక ఇంగ్లీషు పేజీ తెచ్చాడు. నీచువాసన ఉన్నచోట ‘స్టెంచ్’ వుంది.

“ఇదెక్కడిదిరా?” అన్నాను.

“ఫోనులో చూశాను మాస్టారూ. స్మెల్ మరీ చిన్నమాట గదా అని.”

1852లో లండనులో రోజే అనే వైద్యుడు ఇంగ్లీషు మాటలను భావాల వారీగా గుంపులు కట్టి అచ్చువేశాడు. అదే ఏడు మద్రాసులో బ్రౌను దొరగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. రోజే గుంపులు కట్టాడు గాని, గుంపులో ఎవరెలాంటివారో చెప్పలేదు. వాడి ఫోనూ చెప్పలేదు.

“స్టెంచ్ అంటే ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నవాడి మాట. మీ నాన్న చేతుల గురించి ఆ మాట నువ్వంటావా?” అన్నాను.

వాడి ముఖం మాడిపోయింది. కాసేపటికి “ఒడర్?” అన్నాడు.

“మునిసిపాలిటీ రిపోర్టులా వుంటుంది.”

“పోనీ అరోమా?”

“అది అబద్ధం.”

‘ఫిషీ’ కూడా అడిగాడు. ఆ మాటకు ఇంగ్లీషులో ఏదో మోసం వుందన్న అనుమానం అంటుకొని వుంది, చేపకు సంబంధించిన మాటే అయినా. చివరకు ఆ చిన్నమాటే మిగిలింది. చేతుల మీద చేపల స్మెల్. మెచ్చుకోదు, ఈసడించుకోదు. పక్కనే చేపలు వున్నాయి గనుక ఫిర్యాదు అర్థమూ రాదు.

“మరి నీచుకు ఇంగ్లీషులో మాట లేదా?” అన్నాడు. ఒక్కమాటలో లేదు. మాడుకూ కమురుకూ లేవు. అన్నం అడుగంటితే మాడు, బట్టో వెంట్రుకో కాలితే కమురు. వాళ్ళు రెండింటినీ కాలినవాసన అనే సరిపెట్టుకుంటారు.

వాడు ఆ పేజీలో ‘స్మెల్’ అనే ఉంచాడు. ‘నీచు’ అన్న మాటను అలాగే ఇంగ్లీషు అక్షరాలలో రాసి, దాని అర్థం చెబుతూ మరో వాక్యం చేర్చాడు. ఆ వాక్యాన్ని మా ఇంగ్లీషు మాస్టారు దిద్దారు. నేను చెయ్యి పెట్టలేదు.